క్యారెట్ రొట్టె, పుల్లని పెరుగు, చిటికెడు సోడా

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సభ్యుల సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించి, వెన్న శాతం గురించి పెద్దలు చెప్పవలసినవి చెప్పారు. నన్ను రొట్టె గురించి చెప్పమన్నారు. పాల సంఘంలో రొట్టె ఏమిటని వెనుక వరుసలో ఎవరో నవ్వారు. నవ్వండి, ఫరవాలేదు. అయితే ఈ రొట్టె మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెబుతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఎండాకాలంలో మా గేదె పాలు వరుసగా రెండు సాయంత్రాలు కేంద్రం నుండి తిరిగి వచ్చాయి. పరీక్ష గొట్టంలో పోసి కాచగానే విరిగిపోయాయి. తప్పు నాదే. పాలు పితికి, క్యాను ఎండ పడే అరుగు మీద పెట్టి, మిగతా పనులన్నీ ముగించుకుని తీరిగ్గా వెళ్ళేదాన్ని. వేడికి పాలలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరిగి, పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. నాలుకకు పులుపు తెలియక ముందే నిప్పు మీద ఆ సంగతి బయటపడుతుంది.

మూడో రోజు ఎవరో చెప్పిన మాట విని, క్యానులో చిటికెడు తినే సోడా కలిపాను. పాలు కాచారు, విరగలేదు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో పరీక్షకుడు వేరే గొట్టంలో కొన్ని పాలు తీసుకుని రోజాలిక్ ఆమ్లం చుక్కలు వేశాడు. మంచి పాలకైతే గోధుమ రంగు వస్తుంది. నా పాలు గులాబి రంగుకు తిరిగాయి. వరుసలో నా వెనుక పదిమంది ఉన్నారు. కార్యదర్శి గారు కేక వేయలేదు. ఈ క్యాను పెద్ద క్యానులో పోసి ఉంటే ఊరి పాలన్నీ తిప్పి పంపేవారమ్మా, ఈ పదిమంది డబ్బు ఎవరిస్తారు అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పాలు తీసుకుపోయి పారబోశాను.

ఇంటికి వస్తే, అంతకు ముందు విరిగిన పాల తేట ఒక గిన్నెలో, పుల్లబడిన పెరుగు ఇంకో గిన్నెలో ఉన్నాయి. మా కోడలు పుట్టింట్లో ఉండగా రొట్టెలు కాల్చడం నేర్చుకుంది. అత్తయ్యా, సోడా వేయవలసింది ఇందులో అని, పెరుగు గిన్నె ముందుకు లాక్కుంది. నన్ను దెప్పిందో, ఓదార్చిందో ఇప్పటికీ తెలియదు.

సోడా, పులుపు కలిస్తే గాలి పుడుతుంది. ఆ గాలే పిండిని పొంగిస్తుంది. అందుకని దీనికి గుడ్డు అక్కరలేదు, పిండి పులియబెట్టనక్కరలేదు. కొలతలు చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. గోధుమ పిండి 100 గ్రాములు, మైదా 100 గ్రాములు. సన్నగా తురిమిన క్యారెట్ 200 గ్రాములు. బెల్లం పొడి 150 గ్రాములు. చిలికిన పుల్లని పెరుగు 150 మిల్లీలీటర్లు. నూనె 80 మిల్లీలీటర్లు. తినే సోడా చిన్న చెంచాతో అర చెంచా, బేకింగ్ పౌడరు ఒక చెంచా, రెండూ తలకొట్టి కొలవాలి. చిటికెడు ఉప్పు, కొంచెం ఏలకుల పొడి, శొంఠి. సోడా ఎక్కువైతే రొట్టె సబ్బు వాసన కొడుతుంది, ఇంకో చిటికెడు వేద్దామని చేయి చాపకండి. పెరుగుకు బదులు విరిగిన పాల తేట వాడితే 100 మిల్లీలీటర్లు చాలు. తేట పెరుగంత పుల్లగా ఉండదు కాబట్టి సోడా సగానికి తగ్గించాలి.

మెత్తదనం అంతా క్యారెట్‌లోనే ఉంది. దుంపలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా నీరే. తురిమి, గుడ్డలో పిండి, ఆ రసం పారబోసేవాళ్ళను చూశాను. ఇక రొట్టె ఎండిపోక ఏమవుతుంది? పిండవద్దు. లావుగా తురిమితే ముక్కలు పంటికి తగులుతాయి, నీరు సరిగా వదలవు. చలికాలం వచ్చే ఎర్ర క్యారెట్ అయినా, ఊటీ క్యారెట్ అయినా ఒకటే, ముదిరి నడుమ కట్టెలా ఉన్నది మాత్రం వద్దు.

పొడి వస్తువులన్నీ కలిపి జల్లించండి. పెరుగు, బెల్లం, నూనె వేరే గిన్నెలో బాగా కలిపి, తురుము వేసి, ఆఖరున పిండి వేయండి. పొడి పిండి కనబడకుండా పోగానే గరిటె ఆపేయాలి. మనకు చపాతీ పిండి మర్దించిన చేతులు కదా, ఆగవు. ఎంత కలిపితే అంత జిగురు సాగి, రొట్టె బిరుసవుతుంది. కలిపిన పిండిని ఉంచి కబుర్లు చెప్పుకోకూడదు. గాలి అంతా పోతుంది.

పొయ్యి సంగతి. ఓవెన్ ఉన్నవారికి 180 డిగ్రీలు, 45 నుండి 50 నిమిషాలు. లేనివారు మందపాటి పాత గిన్నెలో రెండంగుళాల ఇసుక పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, మూత వేసి 10 నిమిషాలు కాగనివ్వండి. తరువాత నూనె రాసిన పాత్రలో పిండి పోసి లోపల పెట్టి, సన్నని సెగ మీద ముప్పావుగంట ఉంచాలి. కుక్కరు వాడితే రబ్బరు రింగు, వెయిటు రెండూ తీసేయాలి, ఇది మరచిపోవద్దు. కొత్త కుక్కరును ఈ పనికి పెట్టవద్దు, నీళ్ళు లేని వేడికి పాడవుతుంది. నా మొదటి రొట్టె అడుగు మాడి, నడుమ పచ్చిగా ఉంది. సెగ పెంచితే త్వరగా అవుతుందనుకున్నాను. శుభ్రమైన పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటకపోతే అయినట్టే, ఒకటి రెండు మెత్తని పలుకులు అంటితే మరీ మంచిది.

దింపిన 10 నిమిషాలకు బోర్లించి, పూర్తిగా చల్లారాక నూలు గుడ్డలో చుట్టండి. వేడిగా డబ్బాలో మూస్తే ఆవిరి నీరై బూజు పడుతుంది. మరునాటికి తడి అంతటా సర్దుకుని, మొదటి రోజుకన్నా బాగుంటుంది. మన ఎండలకు రెండో రోజు దాటనివ్వవద్దు.

నూనె ఎందుకు, వెన్న ఉండగా అని అడుగుతారు. పాల సంఘం సభలో చెప్పకూడదేమో గాని, నిజం చెప్పాలి. చల్లారాక వెన్న గట్టిపడుతుంది, నూనె పడదు. అందుకే నూనె రొట్టె మెత్తగా తోస్తుంది. రుచి మాత్రం వెన్నదే. సగం సగం వేసుకోవచ్చు.

క్యారెట్‌తో తీపి చేయడం కొత్త కాదు. 1940 జనవరిలో బ్రిటన్‌లో చక్కెరకు రేషను పెట్టారు. ఆ యుద్ధ కాలంలో అక్కడి ప్రభుత్వమే తీపి వంటల్లో క్యారెట్ వాడమని ఇల్లాళ్ళకు ప్రచారం చేసింది. దాని పసుపు పదార్థం ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది, అయితే కొవ్వు తోడుగా ఉండాలి. ఆవు పాల పసుపు ఛాయ కూడా ఆ పదార్థం వల్లనే. గేదె దాన్ని ముందే విటమిన్‌గా మార్చేస్తుంది కాబట్టి దాని పాలు తెల్లగా ఉంటాయి. తెల్లగా ఉన్నాయని గేదె పాలను తక్కువ చేయవద్దు.

ఒక్క హెచ్చరిక. తిరిగి వచ్చిన పాలన్నీ వంటకు పనికివస్తాయనుకోకండి. ఆలస్యం వల్ల పుల్లబడినవి వెంటనే కాచి వాడవచ్చు. పొదుగు వాపు వచ్చిన పశువు పాలు, గడ్డలు, నెత్తురు జీర కనబడిన పాలు పారబోయవలసిందే. ఇంజెక్షన్లు వేయించినప్పుడు డాక్టరు గారు చెప్పిన రోజులు పూర్తయ్యేదాకా పాలు కేంద్రానికీ వద్దు, మన పిల్లలకూ వద్దు. కాచినంత మాత్రాన ఆ మందు పోతుందని నమ్మడానికి లేదు. పచ్చిపాలు తగిలిన పిండిని రుచి చూడడం కూడా మంచిది కాదు.

నా క్యాను ఇప్పుడు నీడలో, నీళ్ళ తొట్టిలో ఉంటుంది, పితికిన వెంటనే కేంద్రానికి పోతుంది. ఇంట్లో పుల్లని పెరుగు మిగలడమే తక్కువైంది. రొట్టె కోసమని మా కోడలు ఒక గిన్నె పెరుగు కావాలని పులియబెడుతోంది.

రెండు రొట్టెలు తెచ్చాను. ఎడమ పళ్ళెంలోది నూనెతో చేసింది, కుడి పళ్ళెంలోది వెన్నతో. ముందు పిల్లలను రానివ్వండి. ఏది బాగుందో తిన్నాక చెప్పండి.