తీగ లేని హెడ్‌ఫోను మూగబోతే

హోసూరు పక్కన మా ఊళ్ళో, మా వీధి చివరి ఇంట్లో ఒక అవ్వ ఉంది. డెబ్బై దాటిన మనిషి. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు పండుగకు వచ్చినప్పుడు ఆమెకు మెడలో వేసుకునే తీగ లేని హెడ్‌ఫోను ఒకటి తెచ్చి ఇచ్చాడు. నెక్‌బ్యాండ్ అంటున్నారు కదా, అదే. ఫోనులో హరికథలు, పాత నాటకాలు పెట్టుకుని, ఇంట్లో ఎవరి నిద్రకూ అడ్డం లేకుండా రాత్రి పొద్దుపోయేదాకా వినేది. నెల తిరక్కముందే ఒక ఆదివారం పొద్దున నన్ను పిలిపించింది.

"సెవులు పోయినాయి నాయనా. మొన్నటిదాకా బాగుండె. రాత్రినుంచీ ఏమీ ఇనిపించలే" అంది.

కోడలు పక్కనే నిలబడి, "వయసైంది కదన్నా, డాక్టరుకు చూపించాలనుకుంటా ఉండాము" అంది.

"అవ్వా, నా మాట వినిపిస్తోందా?" అని మెల్లగా అడిగాను.

"నీ మాట ఇనిపిస్తుంది. ఇదే ఇనిపించదు" అంది, మెడలో ఉన్నదాన్ని చూపించి.

అంటే చెవి బాగానే ఉంది. హెడ్‌ఫోను కూడా బాగానే ఉందని తరువాత తేలింది. మరి శబ్దం ఎక్కడికి పోయినట్టు? ఈనాటి నా ప్రసంగం ఆ విషయం గురించే.

నేను చాలాకాలం రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసినవాణ్ణి. ఆ రోజుల్లో హెడ్‌ఫోను పలకకపోతే మొదట తీగను అనుమానించేవాళ్ళం. జాక్ దగ్గర పదేపదే మడతపడి లోపల రాగిపోగు తెగేది. తీగను అటూ ఇటూ కదిపితే చెవిలో గరగరమనేది, తప్పు ఎక్కడుందో తెలిసిపోయేది. ఇప్పుడు తీగే లేదు. కదిపి చూడటానికి ఏమీ లేదు కాబట్టి మనిషికి దిక్కు తోచదు. కానీ శబ్దం నడిచే దారి మాత్రం ఉంది. ఫోనులో పుట్టి, ఎటు పోవాలో ఫోను చెప్పినట్టు గాలిలో ప్రయాణం చేసి, హెడ్‌ఫోనులో మళ్ళీ శబ్దమై, చివరకు మీ చెవిలో పడుతుంది. ఈ దారిలో ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని.

అందుకు ఒక చిన్న పరీక్ష ఉంది. హెడ్‌ఫోనును ఆపి, చెవిలో పెట్టుకుని మళ్ళీ వేయండి. వేయగానే టింగుమనో, ఇంగ్లీషులో "పవర్ ఆన్" అనో, "కనెక్టెడ్" అనో ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఫోను పంపింది కాదు, హెడ్‌ఫోనులోనే నింపి పెట్టింది. కనుక అది రెండు చెవులా వినిపించిందంటే హెడ్‌ఫోనులో ఛార్జి ఉన్నట్టే, దాని స్పీకర్లు పనిచేస్తున్నట్టే, మీ చెవులూ పనిచేస్తున్నట్టే. ఇక తప్పు ఫోను వైపు వెతకాలి. అది కూడా వినిపించలేదంటే ఫోను జోలికి పోకండి, హెడ్‌ఫోను వైపే చూడండి. సగం వెతుకులాట ఇక్కడే తగ్గిపోతుంది. అవ్వ చేత ఈ పరీక్షే చేయించాను. "అదేందో ఆడమనిషి ఇంగిలీసులో ఒక మాట సెప్పింది నాయనా" అంది. చెవుల మీది అనుమానం అంతటితో తీరింది.

ఫోను వైపు మొదట చూడవలసింది శబ్దం మట్టం, అదే వాల్యూము. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఫోనులో వాల్యూము ఒక్కటి కాదు. రింగు మోగడానికి ఒకటి, అవతలి మనిషి మాటకు ఒకటి, పాటలకూ వీడియోలకూ మరొకటి. ఊరికే పక్క గుండీ నొక్కితే ఏది పెరుగుతుందో చెప్పలేము. పాట నడుస్తుండగా నొక్కితే పాట వాల్యూమే పెరుగుతుంది. పైగా చాలా ఫోన్లు తమ స్పీకరుకు ఒక మట్టం, హెడ్‌ఫోనుకు ఒక మట్టం విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. ఒకదానిలో తగ్గించింది రెండోదానిలో కనిపించదు.

రెండవది, హెడ్‌ఫోను ఎవరికి జతపడి ఉందో చూడటం. ఇదే అసలు సంగతి, చాలామంది ఇక్కడే మోసపోతారు. తీగ ఉన్న హెడ్‌ఫోను ఏ రంధ్రంలో ఉందో కంటికి కనిపించేది. తీగ లేనిది అలా కాదు. తాను ఒకసారి జతకట్టిన ఫోన్లన్నింటినీ గుర్తుంచుకుంటుంది. వేసిన వెంటనే వాటిలో ఏది దగ్గర ఉంటే దానితో, సాధారణంగా చివరిసారి కలిసినదానితో, మళ్ళీ కలుస్తుంది. కొన్ని రకాలు ఒకేసారి రెండింటితో కలిసి ఉంటాయి. వాటిలో ఒకటి మాట్లాడుతుంటే రెండోదాని పాట వినిపించదు.

అవ్వ ఇంట్లో జరిగింది చూడండి. మనవడు హెడ్‌ఫోను కొన్నప్పుడు పనిచేస్తుందో లేదో చూడటానికి మొదట తన ఫోనుకు జతచేసుకున్నాడు. తరువాత అవ్వ ఫోనుకు జతచేసి ఇచ్చాడు. ఆ శనివారం రాత్రి ఊరికి వచ్చి, సంచి గూటికి తగిలించి పడుకున్నాడు. అవ్వ హెడ్‌ఫోను వేసింది. అది పోయి సంచిలోని మనవడి ఫోనుతో కలిసింది. అలాంటప్పుడు అవ్వ పెట్టిన హరికథ ఆమె ఫోను స్పీకరులోంచి బయటికి రావాలి కదా అని మీరు అడగవచ్చు. రావలసిందే. కానీ ఇంట్లోవాళ్ళు నిద్రపోతారని ఆ స్పీకరు వాల్యూమును ఆమె ఎప్పుడో పూర్తిగా తగ్గించి పెట్టింది. ఇటు స్పీకరు పలకదు, అటు హెడ్‌ఫోను పలకదు. కథ మాత్రం తెర మీద నడిచిపోతూనే ఉంది. ఆమె తన చెవులను అనుమానించిందంటే తప్పేముంది?

మనవడి ఫోనులో బ్లూటూత్ ఆపి, హెడ్‌ఫోనును ఒకసారి ఆపి వేశాము. అవ్వ ఫోనుతో కలిసింది. తరువాత వాడి ఫోనులోని జాబితాలోంచి ఆ హెడ్‌ఫోను పేరునే తీసివేయించాను. ఫోన్లలో ఇంగ్లీషులో 'ఫర్గెట్' అని ఉంటుంది. అది నొక్కితే చాలు.

సరిహద్దు ఊళ్ళలో మనకు మరొక చిక్కు ఉంది. అంగడిలో ఫోను కొన్నప్పుడు తమిళంలోనో, కన్నడంలోనో, బరంపురం వైపు అయితే ఒడియాలోనో పెట్టి ఇస్తుంటారు. లేదా ఇంగ్లీషులో వదిలేస్తారు. మాట్లాడటానికి నాలుగు భాషలు వచ్చినా ఆ లిపి చదవడం రానివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఫోను సెట్టింగుల్లో భాషను తెలుగుకు మార్చుకోవచ్చు, చదువుకునే పిల్లల చేత చేయించుకోండి. అంతవరకు గుర్తులను పట్టుకోండి. పళ్ళచక్రంలాంటి బొమ్మ సెట్టింగులది. నిలువు గీత మీద రెండు ముక్కోణాలు అతికించి, ఎడమవైపు రెండు మీసాలు పెట్టినట్టుండే గుర్తు బ్లూటూత్‌ది. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరులోని రెండు పాత లిపి అక్షరాలను కలిపి చేసిన గుర్తు అది. పేరు కూడా ఆయనదే.

ఆ గుర్తు నొక్కితే మీ హెడ్‌ఫోను పేరు కనిపిస్తుంది. పేరు పక్కన చిన్న చక్రం నొక్కి చూడండి. చాలా ఫోన్లలో అక్కడ రెండు మీటలు ఉంటాయి. ఒకటి ఫోను మాటలకు, ఒకటి పాటలకు. పాటల మీట ఆగిపోయి ఉంటే ఫోను వచ్చినప్పుడు అవతలివాళ్ళ మాట చక్కగా వినిపిస్తుంది, పాట మాత్రం రాదు. ఇలాంటి హెడ్‌ఫోనును పాడైపోయిందని చెప్పి కొత్తది అంటగట్టిన అంగడివాణ్ణి నేనెరుగుదును. పాతదాన్ని ఆ ఇంటివాళ్ళు పారేయకుండా ఉంచారు కాబట్టి సరిపోయింది.

ఏ మీటా పనిచేయకపోతే, ఫోనులోంచి పేరు తీసివేసి మొదటినుంచీ మళ్ళీ జతచేయడం మంచి ఉపాయం.

గాలిలో దారి గురించి రెండే మాటలు. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలను. ఇంట్లో వైఫై వాడేదీ చాలావరకు అదే. మామూలు హెడ్‌ఫోను ఆరుబయట సుమారు 10 మీటర్ల వరకు అందుకుంటుంది, గోడలు అడ్డం వస్తే అంతకంటే తక్కువ. మన ఒంట్లోని నీరు కూడా ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ఫోను వెనక జేబులో పెట్టుకుంటే పాట తెగితెగి వచ్చేది అందుకే. తెగితెగి వస్తుంటే దూరాన్ని, అడ్డాన్ని అనుమానించండి. ఫోను పక్కనే ఉన్నా బొత్తిగా రాకపోతే గాలిని అనకండి.

హెడ్‌ఫోను తాలూకు శబ్దమే రాలేదనుకోండి. ముందు ఒక గంట ఛార్జి పెట్టండి. చెవిలో విడివిడిగా పెట్టుకునే రకమైతే, డబ్బీలో సరిగ్గా కూర్చోనిది ఛార్జి కాదు. డబ్బీలోని చిన్న ఇత్తడిరంగు చుక్కలకు చెమట, దుమ్ము పట్టి ఉంటాయి. పొడిగుడ్డతో తుడవండి. చెవిలోకి వెళ్ళే కొసన సన్నని జాలీ ఉంటుంది, దానికి గుబిలి పట్టితే శబ్దం సన్నగిల్లి చివరకు ఆగిపోతుంది. జాలీని కిందికి తిప్పి పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని పళ్ళబ్రష్షుతో దులపండి. సూది పెట్టవద్దు, నీళ్ళలో ముంచవద్దు.

ఇక మన రేడియో సంగతి. "ఫోనులో ఎఫ్.ఎం. పెడితే హెడ్‌ఫోను తగిలించమంటుంది. బ్లూటూత్ హెడ్‌ఫోను తగిలించే ఉంది కదా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఫోను అడిగేది వినడానికి కాదు, ఏరియలు కోసం. ఎఫ్.ఎం. ప్రసారాలు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. దాన్ని పట్టడానికి మూరెడుకు మించిన తీగ కావాలి. ఫోనులో అంత చోటు లేదు కనుక, ఇయర్‌ఫోను తీగనే ఏరియలుగా వాడుకునేలా చేశారు. తీగ లేని హెడ్‌ఫోను ఆ పని చేయలేదు. ఇంట్లో ఒక చెవి పలకని పాత తీగ ఇయర్‌ఫోను ఉంటే పారేయకండి, ఈ పనికి తరచు అదే సరిపోతుంది. దాన్ని ఫోనుకు గుచ్చి, రేడియో తెరలో స్పీకరు గుర్తు నొక్కితే ఇల్లంతా వినవచ్చు. అయితే ఈ ఎఫ్.ఎం. శబ్దాన్ని బ్లూటూత్ హెడ్‌ఫోనుకు పంపే ఏర్పాటు చాలా ఫోన్లలో లేదు. కొత్త ఫోన్లు కొన్నింటిలో ఎఫ్.ఎం. కానీ, తీగ గుచ్చే రంధ్రం కానీ అసలే లేవు.

అలాంటివాళ్ళకు ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ అనే యాప్ ఉంది. అది ఇంటర్నెట్టు మీద నడుస్తుంది కాబట్టి శబ్దం హెడ్‌ఫోనుకు చక్కగా వెళుతుంది. గుట్టలు దాటి ఎఫ్.ఎం. అందని తళి, దేంకణికోట వైపు పల్లెల్లో ఉండి హైదరాబాదు, విజయవాడ కార్యక్రమాలు వినాలనుకునేవారికి ఇది దారి. డేటా ఖర్చవుతుంది, శబ్దం కొన్ని క్షణాలు ఆలస్యంగా వస్తుంది.

టీవీకి జతచేసేవారు ముందు ఆ టీవీలో బ్లూటూత్ ఉందో లేదో చూడండి. లేకపోతే చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టె కొని తగిలిస్తారు. పెట్టె దీపం వెలుగుతున్నా శబ్దం రాకపోతే, టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అన్నచోట 'పి.సి.ఎం.' అని మార్చి చూడండి. ఆ చిన్న పెట్టెలు చాలావరకు డాల్బీ శబ్దాన్ని విప్పలేవు.

ఇక ఆఖరి మజిలీ చెవి. ఇక్కడ నవ్వులాట లేదు. శబ్దం ఒకవైపే రాకపోతే కుడిదాన్ని ఎడమ చెవికి, ఎడమదాన్ని కుడి చెవికి మార్చి పెట్టి చూడండి. నిశ్శబ్దం కూడా అటునుంచి ఇటు మారిందా, తప్పు హెడ్‌ఫోనుది. ఏది పెట్టినా అదే చెవికి వినిపించడం లేదా, తప్పు చెవిది. గుబిలి అడ్డం కావచ్చు. కానీ ఒక్కసారిగా, ఒకటి రెండు రోజుల్లో, ఒక చెవికి వినికిడి తగ్గిపోతే అది లోపలి చెవి జబ్బు కూడా కావచ్చు. చెవిలో హోరు, తల తిరగడం తోడుగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దానికి మందు ఉంది, అయితే మొదటి రోజుల్లో మొదలుపెడితేనే గుణం ఎక్కువ. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు ఆ రోజే వెళ్ళాలి. నూనె పోసుకుని కూర్చోకూడదు.

మా బంధువుల్లో ఒకాయన లారీ నడుపుతాడు. ఎడమవైపు వినిపించడం లేదని ఒక హెడ్‌ఫోను మార్చాడు, రెండోది కొన్నాడు, అదీ బాగాలేదని అంగడివాడితో పోట్లాడాడు. మార్చి పెట్టి చూడమని ఎవరూ చెప్పలేదు. డాక్టరు దగ్గరకు చేరేసరికి మూడు వారాలు దాటింది. ఆ చెవికి వినికిడి కొంతే తిరిగి వచ్చింది. అవ్వ విషయంలో వస్తువు చేసిన తప్పును చెవి మీద వేశారు, ఇతని విషయంలో చెవి జబ్బును వస్తువు మీద వేశారు. మార్చి చూడటానికి పట్టేది అర నిమిషం.

అవ్వ ఇప్పుడు నిక్షేపంగా ఉంది. శనివారం రాత్రి మనవడు గడపలో కాలు పెట్టగానే, "ముందు ఆ బులూటూతు ఆపు రా నాయనా, ఆమేన కాళ్ళు కడుక్కుందువు" అంటుంది.