పైకమడుగని యాట



వైద్యుని వాకిట వంతుకై వేచియుండుట యెంత కష్టమో మీరెఱుగుదురు. పెద్దవారు ఓర్చుకొందురు, పసివారు ఓర్వలేరు. లోపలి గదినుండి మఱియొక బిడ్డ యేడుపు వినవచ్చుచుండగా వారి భయము ఇనుమడించును. అట్టి బిడ్డలకొఱకై 1974 ప్రాంతమున అమెరికా దేశమున ఒక యాటయంత్రము పుట్టినది. దానిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందును.

ముందుగా దాని మాతృక సంగతి చెప్పవలెను. 1972లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనువారు కాలిఫోర్నియా రాష్ట్రమున అటారీ యను సంస్థను స్థాపించిరి. వారి యొద్ద పనిచేయుచుండిన అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరు ఆ యేటనే 'పాంగ్' అను ఆటను నిర్మించెను. టెలివిజను తెఱపై నడుమ చుక్కల గీత, ఇరుప్రక్కల చిన్న తెల్లని కడ్డీలు, వాని మధ్య పరుగిడు నొక తెల్లని బంతి — ఇంతియే దాని రంగము. రేడియో మరను త్రిప్పినట్లు ఒక మరను త్రిప్పినచో కడ్డీ పైకిని క్రిందికిని జరుగును. దానితో బంతిని ఎదుటివానివైపు మరల్చవలెను; తప్పినచో లెక్క ఎదుటివానికి చేరును. కడ్డీని ఎనిమిది భాగములుగా నేర్పఱచి, బంతి తగిలిన భాగమునుబట్టి దాని దారి మారునట్లు ఆల్కార్న్ కూర్చెను. అందువలన పసివానికి సులభమయ్యును ఆ యాట నేర్పరికి విసుగు పుట్టింపదు.

మొదటి యంత్రమును సన్నీవేల్ పట్టణమున నొక పానశాలలో నుంచిరి. కొలది దినములకే అది పనిచేయుట మానెను. ఆల్కార్న్ పోయి చూడగా నాణెముల పెట్టె నిండి పొర్లుచుండెను!

ఇట్లు నాణెములతో వృద్ధినొందిన యాటను నాణెముతో పనిలేని చోటికి కొనిపోవలెనని బుష్నెల్, స్టీవ్ బ్రిస్టో అనువారు తలపోసిరి. వారెన్నుకొన్న చోటు శిశువైద్యుల నిరీక్షణశాల. చార్లెస్ షుల్జ్ చిత్రములలోని స్నూపీ యను కుక్క యింటి రూపున పెట్టెను సిద్ధపఱచిరి. షుల్జ్ అందులకు సమ్మతింపలేదు. అంతట వేఱొక కుక్కపిల్ల యింటిగా మార్చిరి. దానికే 'పప్పీ పాంగ్' అనియు 'డాక్టర్ పాంగ్' అనియు పేర్లు. అవి మిక్కిలి కొలదిగానే తయారైనవి. నేడు వాని పేరెఱిగినవారే యరుదు.

వారు కేవలము దయచే దీనిని చేసిరని నేననను. క్రొత్త అంగడిని వెదకిరి. అయినను ఒక సంగతి విచారింపదగియున్నది. పానశాలలోని యంత్రము విలువను ప్రతిదినమును నాణెముల పెట్టె చెప్పెడిది. వైద్యుని వాకిట నట్టి పెట్టె లేదు. భీతిల్లిన బిడ్డ కన్నీరు తుడుచుకొని మరపై చేయి వేసినచో ఆ లాభము ఏ ఖాతాలోను జమపడదు. జమపడని మేలును మేలుగా నెంచువారెందఱు?

మఱియు పాంగ్ ఇరువురు కూడి యాడు ఆట. ముక్కు మొగము నెఱుగని బిడ్డ యొకడు రెండవ మరను పట్టుకొనవలెను. నేడు మనము ఆస్పత్రిలో మనుమని చేతికి సెల్‌ఫోను ఇచ్చుచున్నాము. వాని యేడుపు మానుట నిజమే. కాని ప్రక్కనున్న బిడ్డ వైపు వాడు కన్నెత్తి చూడడు.

కావున పెద్దలకు నా మనవి యొక్కటియే. ఇక మీదట పిల్లవానిని వైద్యుని యొద్దకు గొనిపోయినపుడు, వానికొక కథ చెప్పుడు; ప్రక్కబిడ్డకును వినబడునట్లు చెప్పుడు. దానికి పైకము నక్కఱలేదు, యంత్రము నక్కఱలేదు.