జ్వరం బిల్లు, మిరప అప్పు: రెండింటి వెనకా వైరస్
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాయం కోసం మనకు వచ్చే అర్జీల్లో రెండు ఖర్చులు తరచుగా కనిపిస్తున్నాయి. ఒకటి, జలుబు జ్వరానికి వాడిన యాంటీబయాటిక్ సూదుల బిల్లు. రెండోది, కౌలు చేలో మిరప ముడత పోవాలని వారం వారం కొట్టిన మందుల అప్పు. రెండు చోట్లా చాలాసార్లు కారణం వైరస్సే. డబ్బేమో దానికి తగలని మందుల మీద పోతోంది. అందుకే జమాఖర్చులకు ముందు ఈ నాలుగు మాటలు.

వైరస్ మొదట బయటపడింది మనిషిలో కాదు, పొగాకులో. ఆకు మీద పచ్చ, పసుపు మచ్చలు వేసే తెగులు ఒంగోలు వైపు రైతులకు తెలిసిందే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త అలాంటి ఆకు రసాన్ని బాక్టీరియా కూడా దాటలేని పింగాణీ వడపోతలో వడకట్టాడు. వడిసిన రసం కూడా తెగులు అంటించింది. 1935లో అమెరికాలో స్టాన్లీ దాన్ని పటిక పలుకుల్లా స్ఫటికాలుగా తీశాడు. ఆ పలుకులు కరిగించి ఆకుకు రుద్దితే మళ్లీ తెగులే!

దాని నిర్మాణం చాలా చిన్నది. పైన సుమారు 2,130 ప్రొటీన్ ముక్కల తొడుగు, లోపల సుమారు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ చీటీ. తిండి లేదు, ఊపిరి లేదు. చేతిలో చీటీ తప్ప మిల్లు లేని ఆసామి అన్నమాట. ఇంకొకరి జిన్నింగ్ మిల్లులో దూరి, వాళ్ల యంత్రాలతో, వాళ్ల కరెంటుతో తన సరుకు చేయించుకుంటాడు. ఆ మిల్లే మన కణం, లేదా మిరప ఆకు కణం. యాంటీబయాటిక్ బాక్టీరియా సొంత యంత్రాలను చెడగొడుతుంది. సొంత యంత్రమే లేని వైరస్‌ను అదేం చేస్తుంది? అయితే టైఫాయిడ్ వంటివి బాక్టీరియా జబ్బులు, వాటికి యాంటీబయాటిక్ కావాల్సిందే. ఏది ఏదో డాక్టరు చెప్పాలి, మందుల షాపు కాదు.

చీటీ నకలు తీసేటప్పుడు తప్పులు పడతాయి. చాలా తప్పులు వైరస్‌కే నష్టం, ఏదో ఒకటి కలిసొస్తుంది. ఫ్లూ వైరస్‌కు చీటీ ఎనిమిది ముక్కలు. రెండు రకాలు ఒకే కణంలో చేరితే ముక్కలు కలగలిసి కొత్త రకం పుట్టవచ్చు. హజ్‌కు వెళ్లే పెద్దలు నిరుడు ఫ్లూ టీకా వేయించుకున్నాం కదా అంటారు. ఆ టీకాలో ఏ రకాలుండాలో ఏటా మళ్లీ చూస్తారు, నిరుటిది చాలకపోవచ్చు. తట్టు అలా కాదు, దశాబ్దాల నాటి టీకాయే ఇప్పటికీ పనిచేస్తోంది. పిల్లలకు దాన్ని ఎగ్గొట్టడానికి ఏ సాకూ లేదు.

ఇక మిరప. రైతులు జెమినీ అనేది జంట వైరస్. రెండు తొడుగులు అతుక్కుని ఉంటాయి, లోపల డీఎన్‌ఏ. దీన్ని మోసేది తెల్లదోమ. ఆ దోమకు పత్తి కూడా ఇష్టమే. మన నూర్‌బాషా పెద్దలు తరతరాలుగా ఏకిన పత్తి! పత్తి పక్కనే మిరప వేసే మన నేలలో దానికి దారి వెతుక్కోనక్కర్లేదు. రెండు జెమినీ రకాలు ఒకే మొక్కలో చేరితే చీటీ భాగాలు మార్చుకుంటాయి. ముడత పడిన మొక్కను ఏ పిచికారీ బాగు చేయలేదు. మందు చంపేది దోమను మాత్రమే. అదే మందు పదేపదే కొడితే దోమ దానికీ అలవాటు పడుతుంది.

పనికొచ్చేవి చౌకవి: నారుమడి మీద సన్నటి నైలాన్ వల, చేను చుట్టూ రెండు మూడు వరసల జొన్న లేదా మొక్కజొన్న, పసుపు జిగురు అట్టలు, మొదట్లోనే తెగులు మొక్క పీకేయడం. ఇవి చేనును పూర్తిగా కాపాడతాయని మేం అనడం లేదు. అప్పును తగ్గిస్తాయి.

అందువల్ల ఈ ఏడు వైద్య సాయం పద్దు కింద యాంటీబయాటిక్ బిల్లులకు డాక్టరు చీటీ అడగాలని, కౌలు కుటుంబాలకు నారు పోయకముందే వలలు కొనివ్వాలని కమిటీ ముందు ప్రతిపాదన పెట్టాం. నారుమళ్లు జూలైలో మొదలవుతాయి. వలల కోసం ఇవ్వదలచిన దాతలు జూన్ లోపే పేరు రాయించండి.