పునరాగమనము

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల కులబంధువుల వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విదేశములయందు చిరకాలముండి విమానమెక్కి యింటికి మరలి వచ్చువారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను బడిలో సంస్కృత పాఠములు చెప్పుకొని బ్రదికినవాడను; విమానముల సంగతి నాకు తెలియదు. అయినను ఈ సభయందలి పెక్కు కుటుంబములకు ఇది సొంత విషయము. ఇందు మనము దిద్దుకొనవలసినదియు కొంత కలదు. కావున అంగీకరించితిని.

మన సీమకు వలస క్రొత్త కాదు. కృష్ణా తుంగభద్రలు ప్రక్కనే పారుచున్నను పొలములకు నీరందక, మన పెద్దలు గుంపు మేస్త్రీల వెంట మూటాముల్లె కట్టుకొని దూరదేశపు పనులకు పోయెడివారు. ఆనకట్టలు కట్టినచోట నెల్ల ‘పాలమూరు లేబరు’ అను పేరు వినబడెడిది. వారు ఉగాదికో, పీర్లపండుగకో నడచియు, లారీలెక్కియు ఊరు చేరెడివారు. తరువాత గల్ఫ్ వలస వచ్చినది. దానికి ఉత్తర తెలంగాణ జిల్లాలు పేరుపడినను, మన యువకులును దుబాయి, కువైటు, సౌదీ, ఖతరు దేశములకు పోయినారు. చదువుకొన్నవారు అమెరికా, ఆస్ట్రేలియాలకు పోవుచున్నారు.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన పిమ్మట మనకొక సౌకర్యము కలిగినది. అది మన దారిలోనే యున్నది. దిగినవాడు నలుబదినాలుగవ జాతీయ రహదారి పట్టి దక్షిణముగా వచ్చును. నాగర్‌కర్నూలు వాడు జడ్చర్లయొద్ద మరలును. లేదా శ్రీశైలపు దారిన కల్వకుర్తి మీదుగా పోవును. వనపర్తి వాడు కొత్తకోటయొద్ద మరలును. గద్వాల వాడు బీచుపల్లియొద్ద కృష్ణను దాటి, ఆంజనేయస్వామికి నమస్కరించి, ఎర్రవల్లి చౌరస్తాయొద్ద మరలును. దుబాయినుండి హైదరాబాదునకు ఆకాశమార్గమున నాలుగు గంటలు పట్టదు. రాత్రి బయలుదేరినవాడు మరునాటి మధ్యాహ్న భోజనమునకు తల్లి ముందర కూర్చుండవచ్చును.

కాని మహాజనులారా! శరీరము ఇల్లు చేరినంతనే మనుష్యుడు ఇల్లు చేరినట్లగునా? ఈ ప్రశ్నను మనకంటె ముందు వాల్మీకి మహర్షి యడిగినాడు.

దీర్ఘప్రవాసానంతరము విమానముపై ఇంటికి వచ్చినవారిలో మన వాఙ్మయమున ప్రథముడు శ్రీరాముడు. కాళిదాసు రఘువంశమున పదుమూడవ సర్గ నంతటిని ఆ పుష్పక ప్రయాణమునకే వినియోగించెను. అయితే వాల్మీకి చూపిన సూక్ష్మమొకటి కలదు. పదునాలుగేండ్లు నిండిన పంచమినాడు రాముడు నేరుగా అయోధ్యలో దిగలేదు. భరద్వాజాశ్రమమున నిలిచి, హనుమంతుని ముందుగా భరతునియొద్దకు పంపెను. నేను వచ్చుచున్నానన్న వార్త విన్నప్పుడు భరతుని ముఖమెట్లు మారునో కనిపెట్టి రమ్మనెను. చేతికి చిక్కిన సంపద ఎంతవాని మనస్సునైనను త్రిప్పగలదని రాముడెరుగును. భరతుడు రాజ్యమును కోరినచో అతడే యేలుకొనుగాక యనియు తలచెను. అంతటి అన్నకును, అంతటి తమ్మునియెడ, ఇంటి గుమ్మమున కాలు పెట్టుటకు ముందు ఆ జంకు తప్పలేదు. చిరకాలము దూరముండుట యట్టిది.

భరతుడేమి చేసెను? నందిగ్రామమున నార చీరలు ధరించి దినములు లెక్కించుచున్న ఆ తమ్ముడు, వార్త వినగానే సంతోషముతో మూర్ఛిల్లెను. పిదప అన్నకు పాదుకలు తొడిగి, కోశమును, ధాన్యాగారమును, పురమును, సైన్యమును స్వయముగా చూచుకొనుమనెను. సర్వమును అన్న తేజముచేత పదిరెట్లయినదని విన్నవించెను. అనగా అడుగక ముందే లెక్క యొప్పజెప్పెను. మనము పట్టాభిషేకమును పటము కట్టించి గోడకు తగిలించుకొన్నాము. ఈ లెక్క యొప్పగింతను మాత్రము మరచినాము.

నా శిష్యుడొకడు గల్ఫునందు తొమ్మిదేండ్లు తాపీపని చేసినాడు. నెలనెలకు సొమ్ము పంపినాడు. ఆ సొమ్ముతో ఇంటిస్థలము కొన్నారు. రిజిస్టరీ మాత్రము దగ్గరి బంధువు పేర నయినది. అతడు వచ్చి యడిగినప్పుడు, “నీ సొమ్మంతయు పెండ్లిళ్లకు, దవాఖానాలకు అయినది, ఈ స్థలము మేము కొన్నది” అనిరి. చిట్టా లేదు, చీటీ లేదు. ఆ ఖర్చులలో నిజమైనవియు నుండవచ్చును. కాని వ్రాసి యుంచనిచో నిజమును అబద్ధమువలెనే కనబడును. అతని కుమార్తె మూడు దినముల వరకు తండ్రియొడికి రాలేదు. నాలుగవ దినమున నా యింటికి వచ్చి అతడు, “అయ్యవారూ! అందరును నన్ను మొదట అడిగిన మాట మళ్లీ ఎప్పుడు పోతావని” యని చెప్పినాడు. రెండు నెలలలో అతడు తిరిగి పోయినాడు.

తిరిగి వచ్చుటయే తమ చేతిలో లేనివారును కలరు. కొన్ని గల్ఫు దేశములలో కఫీలు అనుమతి లేనిదే కూలివాడు దేశము విడుచుటకు వీలులేని కాలముండెను. ఖతరు 2018లో అధిక సంఖ్యాకులకు ఆ అనుమతిని రద్దు చేసినది. సౌదీ అరేబియా 2021 మార్చినుండి చాలమంది కార్మికులకు ఆ నిర్బంధమును సడలించినది. అంతకుముందు తల్లి చనిపోయిన వార్త విని, రాలేక, అక్కడనే స్నానము చేసి కూర్చున్నవారు ఎందరో! 2020లో కరోనా వచ్చి విమానములు నిలిచినప్పుడు, మే 7న ‘వందే భారత్’ విమానములు మొదలగువరకు మనవారు పరదేశపు గదులలో చిక్కుకొని యుండిరి. వచ్చిన పిమ్మటను రోగభయముచేత కొన్ని ఊళ్లు వారిని పొలిమేరలోనే నిలిపినవి. ఇక పెట్టెలో తిరిగివచ్చినవారిని గూర్చి నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఆ యిండ్లవారు ఈ సభలోనే యున్నారు.

కావున మన సంఘము చేయవలసిన పనులు కొన్ని మనవి చేసెదను.

మొదటిది లెక్క. పంపువాడు తన పేర ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరిచి, ఇంటి ఖర్చునకు వేరుగాను, నిలువకు వేరుగాను పంపవలెను. ఇంటివారు ఒక నోటుపుస్తకమున తేదీతో వ్రాసి యుంచవలెను. ఇంటిస్థలము కొన్నచో అతని పేరనే కొనవలెను. విదేశ నివాసి వ్యవసాయభూమిని కొనుటకు నిబంధనలు సాధారణముగా ఒప్పవు. అట్టి సొమ్మును ఖాతాలోనే నిలిపి, అతడు వచ్చి స్థిరపడిన పిదప కొనుట మేలు. లెక్క అడుగుట అవమానము కాదు. దేవుడైన రామునికే తమ్ముడు లెక్క చెప్పినాడు గదా!

రెండవది రక్షణ. 1983 నాటి వలస చట్టము ప్రకారము రిజిస్టరు కాని ఏజెంటు ద్వారా ఎవరును పోరాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు రూ. 275, మూడేండ్లకు రూ. 375 కట్టినచో, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు రూ. 10 లక్షలు వచ్చునట్లు 2017లో ఏర్పరచినారు. రేటు నేడెంతయో విచారించుకొని, ఈ బీమా లేనిదే బిడ్డను పంపకుడు.

మూడవది పని. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలచేత మన మూడు జిల్లాలలో పెక్కు చేలకు నీరు వచ్చినది. వలసపోయిన కొందరు కాపులు తిరిగివచ్చి నాగలి పట్టినారు. పరదేశమున వెల్డింగు, వైరింగు, యంత్రముల పని నేర్చినవాడు ఊరిలో కొట్టు పెట్టుకొనదలచినచో, మన పోషకులు అతనికి మొదటి పని యిచ్చి నిలుపవలెను. సన్మానపు శాలువకంటె అది యెక్కువ.

నాలుగవది మాట. వచ్చినవానిని చూడగానే “ఏమి తెచ్చినావు? మళ్లీ ఎప్పుడు పోతావు?” అని యడుగకుడు. “కాళ్లు కడుగుకో, అన్నము తిను” అనుడు. తక్కిన ప్రశ్నలు పది దినములు ఆగును.

విద్వద్గద్వాల యని పేరుగాంచిన సంస్థానమునకు దూరదేశముల పండితులు వచ్చి సన్మానములందిన నేల మనది. పరులను అట్లు ఆదరించిన మనము, మన బిడ్డను ఆదరింపలేమా? బయలుదేరుటకు ముందు వాడు తన మనస్సును హనుమంతునివలె మన యింటికి ముందుగా పంపును. ఆ దూతకు మన ముఖమున భరతుని ముఖమే కనబడుగాక! మనవారందరు క్షేమముగా వెళ్లి, లాభముగా ఆర్జించి, సుఖముగా ఇల్లు చేరుదురు గాక యని పరమేశ్వరుని ప్రార్థించుచున్నాను.