పసిపిల్లల లెక్కలు: గవ్వలూ, పది గళ్ళూ

మా ఇంట మూడు తరాలుగా బడిపంతులు పనే. మా తెలుగు మాత్రం సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నది. అందుచేత చిన్న చిన్న వాక్యాలలోనే మనవి చేస్తాము.

ఈ దేశంలో మన పిల్లలు చాలామంది రెండేళ్ళు నిండకుండానే డే కేర్‌కు వెళుతున్నారు. "మావాడు నూరు దాకా ఒప్పచెపుతాడండీ" అని తల్లిదండ్రులు మురిసిపోతారు. మురవవలసిందే. కాని వాడిముందు బిస్కట్లు పెట్టి నాలుగు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇస్తాడు! ఒప్పచెప్పడం వేరు, ఎన్నో తెలియడం వేరు.

బడిలో చేరేనాటికి లెక్కలు బాగా తెలిసిన పిల్లలు తరువాతి చదువులో కూడా ముందుంటారని 2007లో గ్రెగ్ డంకన్ బృందం చూపింది. కనుక డే కేర్ కాలం ఊరికే కాపలా కాలం కాదు. అలాగని పసివాళ్ళచేత ఎక్కాలు వల్లె వేయించమని మేము అనడం లేదు.

2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు హెడ్ స్టార్ట్ కేంద్రాల పిల్లలచేత ఒక ఆట ఆడించారు. హెడ్ స్టార్ట్ అంటే పేద కుటుంబాల పసిపిల్లల కోసం 1965లో ఇక్కడి ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం. ఒకే వరుసలో పది గళ్ళు, వాటిలో 1 నుంచి 10 దాకా అంకెలు. ముల్లు తిప్పితే ఒకటో, రెండో పడుతుంది. మూడో గడిలో ఉన్న పిల్లవాడికి రెండు పడితే "ఒకటి, రెండు" అనకూడదు. "నాలుగు, అయిదు" అంటూ కాయ జరపాలి. కిటుకంతా అక్కడే ఉంది. రెండు వారాలలో నాలుగుసార్లు, మొత్తం సుమారు ఒక గంట ఆట. తొమ్మిది వారాల తరువాత చూసినా ఆ లాభం నిలిచే ఉంది. అంకెలు లేని రంగుల గళ్ళతో ఆడినవారికి ఆ లాభం రాలేదు.

మీకు వైకుంఠపాళి గుర్తు వచ్చి ఉంటుంది. కాని నాలుగేళ్ళవారికి అది మరీ పెద్దది, పైగా వరుస వరుసకూ దారి వెనక్కి తిరుగుతుంది. పది గళ్ళు చాలు. పందెం వేయడానికి మన గవ్వలే మేలు. ఎన్ని వెల్లకిల పడ్డాయో లెక్కపెట్టకుండా చూడగానే చెప్పడం కూడా ఒక విద్యే. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం గవ్వలు, చింతగింజలు ఇవ్వకండి, మింగుతారు.

ఇంట్లో తెలుగులో లెక్కపెడితే డే కేర్‌లో వెనకబడతారా అని కొందరు అడుగుతారు. అయిదు అన్నా, ఫైవ్ అన్నా బిస్కట్లు అయిదే కదా! "ఫోర్టీన్"లో నాలుగు ముందు వస్తుంది. "పద్నాలుగు"లో పది ముందే వినబడుతుంది. మానకండి. ఒకటి నుంచి పది వరకు మన మాటలు ఇంగ్లీషు అక్షరాలలో రాసి డే కేర్ టీచరుకు ఇవ్వండి. తక్కువ జీతానికి ఎక్కువ పని చేసే మనుషులు వారు. పెద్ద పుస్తకాలు ఇస్తే చదివే తీరిక ఉండదు, ఒక్క కాగితమైతే గోడకు అంటించుకుంటారు.

భోజనాల తరువాత పక్క గదిలో నేలమీద పది గళ్ళు గీసి ఉంచుతాము. గవ్వలు మా దగ్గర ఉన్నాయి. మనవలను తీసుకుని అమ్మమ్మలు, తాతయ్యలు దయచేయండి.