అమ్మ ముఖానికి ఏం కొనిస్తున్నారు?

 

మైకు ఇస్తే పండుగల గురించో పాటల గురించో చెబుతామని అనుకుని ఉంటారు. మేము మీ అమ్మల చర్మం గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండి. మేమూ నలభై దాటినవాళ్లమే.

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తాండాల్లో మా ఈడు ఆడవాళ్లను చూడండి. పత్తి చేన్లలో, ఉపాధి పనుల్లో, పాలమూరు లేబర్‌గా పోయిన ఊళ్లలో ఏళ్ల తరబడి ఎండ ముఖం మీదే పడింది. బుగ్గల మీద మంగు, మడమల్లో పగుళ్లు, గరుకు చేతులు. ముట్టు ఆగే వయసుకు చర్మం పలచబడి ఇంకా పొడిబారుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అది చూసి మనసు కష్టపడి, పట్నంలో చదువుకునే పిల్లలు ఒక ట్యూబు తెస్తారు. "పదిహేను రోజుల్లో తెల్లగైతవ్ యాడీ" అంటారు. నిజంగానే అవుతుంది, చిక్కంతా అక్కడే ఉంది. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదట ముఖం తేటపడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచనై ఎర్రబడుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట, అందుకే మళ్లీ రాస్తారు. తామర మీద రాస్తే దురద తగ్గినట్టే ఉండి తామర పాకుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. అయినా చీటీ అడగని షాపులు మీకూ తెలుసు, మాకూ తెలుసు. తయారీ చిరునామా లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండొచ్చు. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. "తెల్లగుంటేనే పిల్ల" అనే మాట మాత్రం మన పెళ్లిచూపుల్లో ఇంకా వినబడుతూనే ఉంది.

మరి ఏం చేయాలి? మన నాయనమ్మలు ఘుంఘటో ముఖం మీదికి లాక్కుని ఎండలో నడిచేవాళ్లు. దాని అద్దాలను, కుట్టుపనిని అందరూ ఫొటోలు తీశారు గానీ, అది ఇచ్చిన నీడను ఎవరూ పట్టించుకోలేదు. దాన్నే మళ్లీ వేసుకోమని మేము చెప్పడం లేదు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ, మెడ చుట్టూ నూలు తువ్వాల, చీర మీద నాయన పాత ఫుల్‌చేతుల చొక్కా చాలు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండ గట్టిగా ఉంటుంది. మంగు ముదరకుండా చూసే మొదటి మందు నీడే. డబ్బుంటే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ కొనండి. కానీ చెమటకు పోతుంది, రెండు గంటలకోసారి రాయాలి. చేన్లో అది కుదిరే పనేనా? అందుకే టోపీ ముందు.

బట్టల సబ్బు ముఖానికి వద్దు. స్నానం అయ్యాక తడి పూర్తిగా ఆరకముందే కాళ్లకు చేతులకు కొబ్బరినూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయండి. తడి లోపలే నిలుస్తుంది. ముఖం జిడ్డుగా ఉండేవాళ్లు మాత్రం నూనె ముఖానికి రాయొద్దు, మొటిమలు వస్తాయి. మడమలను రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, జెల్లీ రాసి, సాక్సు వేసుకుని పడుకోవాలి. నకిరేకల్ నిమ్మకాయ పులిహోరకు మంచిది. ముఖానికి రుద్దుకుని ఎండలోకి పోతే చర్మం కాలి నల్లమచ్చ పడుతుంది. పత్తికి మందు కలిపేటప్పుడు గ్లౌజులు లేకుండా చేతులు పెట్టనీయకండి.

ఇప్పటికే అమ్మ ఏదో ట్యూబు వాడుతుంటే కోప్పడకండి, దాచేస్తుంది. అదే ట్యూబు పట్టుకుని నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తోడు వెళ్లండి. మచ్చ మీద తాకితే స్పర్శ తెలియడం లేదంటే క్రీముల జోలికే పోవద్దు. కుష్టేమో పీహెచ్‌సీలో చూపించాలి. అక్కడ మందులు ఉచితం, త్వరగా మొదలుపెడితే చేతులకు కాళ్లకు వైకల్యం రాకుండా నయమవుతుంది.