బ్యూగుల్ నేర్పిన దూరాలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక గిటార్ ఎలా పట్టుకున్నారో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. పాటలు వాయించడం గురించి చెప్పేటంతటివాణ్ని కాను. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య దూరాన్ని చెవితో పట్టుకోవడం, ఆ ఒక్క సంగతే చెప్తాను. దాన్ని ఇంగ్లీషువాళ్ళు ఇంటర్వెల్ అంటారు. సినిమా మధ్యలో వచ్చేది కాదు లెండి.

ముందు చెవుల మాట. నేను ఆర్టిలరీవాణ్ని. మీలో జెట్ ఇంజన్ల దగ్గర, ఓడల ఇంజన్ రూముల్లో సర్వీసంతా గడిపినవారు ఉన్నారు. పెద్ద చప్పుళ్ళ వల్ల వచ్చే వినికిడి లోపం సాధారణంగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర మొదలవుతుంది. నా ఆడియోగ్రామ్ గీత సరిగ్గా అక్కడే గుంటలో పడింది. మనవరాలు ఫోన్లో మాట్లాడితే స, శ, చ లాంటి అక్షరాలు జారిపోతాయి. నేను ఊహించుకుని ఏదో జవాబు చెప్తాను, అది పకపకా నవ్వుతుంది. దానికి నవ్వే గాని, నాకు ఆ మాటలు పోయినట్టే.

ఈ చెవులతో సంగీతమేమిటండీ అని మన మిత్రులే అంటూంటారు. లెక్క చూడండి. గిటార్ మీద లావు తీగ ఊరికే మీటితే 82 హెర్ట్జ్. సన్న తీగను 12వ మెట్టు దగ్గర నొక్కి మీటితే 659. నాదంలోని తళుకు కొంత మనకు అందకపోవచ్చు గాని, స్వరస్థానం మన దెబ్బతిన్న చోటుకి ఎంతో కింద ఉంది. మనవరాలి మాట జారిపోతుంది, పంచమం జారిపోదు. అయితే చెవిలో హోరు ఉన్నవారు హెడ్‌ఫోన్లు పెట్టుకునే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇక దూరం అంటే ఏమిటి? గన్నర్లకి ఇట్టే అర్థమవుతుంది. ఓపీలో ఉన్న ఆఫీసరు గుండు పడ్డ చోటు చూసి "యాడ్ 400", "డ్రాప్ 200" అంటాడు. అది గ్రిడ్ రిఫరెన్స్ కాదు, పడ్డ చోటు నుంచి ఎంత అన్నది. ఇంటర్వెల్ కూడా అంతే. ఏ స్వరంలో మొదలెట్టినా ఫరవాలేదు, అక్కడినుంచి ఎన్ని మెట్లు అన్నదే లెక్క. మన పన్నెండు స్వరస్థానాలూ గిటార్ మీద పన్నెండు మెట్లు. షడ్జమం నుంచి పంచమానికి 7, శుద్ధ మధ్యమానికి 5, అంతర గాంధారానికి 4, సాధారణ గాంధారానికి 3.

ఈ నాలుగు దూరాలూ మనకు కొత్తవి కావు. రిక్రూటుగా చేరిన రోజు నుంచీ వింటున్నాం. బ్యూగుల్‌కి వాల్వులు లేవు, పెదవుల బిగింపే ఆధారం. అందుకని మామూలుగా అయిదు స్వరాల్లోనే కాల్స్ అన్నీ నడుస్తాయి: స, ప, పై స, పై గ, ఆ పైన ప. వాటి కంపనాల నిష్పత్తి 2, 3, 4, 5, 6. మధ్య దూరాలు వరసగా 7, 5, 4, 3 మెట్లు. తెల్లవారుజామున లేపే కాల్, కుక్‌హౌస్ కాల్, అన్నీ ఇవే. మన చెవికి ట్రైనింగ్ ఎప్పుడో అయిపోయింది, పేర్లు పెట్టుకోవడమే మిగిలింది.

ఇంకో వింత. గిటార్‌లో ఏదైనా ఒక తీగను నొక్కకుండా, 12వ మెట్టుకి సరిగ్గా పైన వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి మీటి, వెంటనే వేలు తీసేయండి. గంట కొట్టినట్టు స వస్తుంది. 7 దగ్గర అలాగే చేస్తే ప, 5 దగ్గర పై స, 4 దగ్గర పై గ. అంటే బ్యూగుల్ ఆ తీగలోనే ఉందన్నమాట. కాకపోతే ఆ గాంధారం 4వ మెట్టుకి సూటిగా దొరకదు. 65 సెంటీమీటర్ల తీగ మీద అయితే మెట్టుకన్నా సుమారు 4 మిల్లీమీటర్లు వెనక, బిరడాల వైపు ఉంటుంది. గిటార్ చేసేవాళ్ళు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేయడం వల్ల మెట్టు మీది గాంధారం కొంచెం ఎక్కువ పలుకుతుంది. ఒక మెట్టుని వంద భాగాలు చేస్తే పద్నాలుగు భాగాలు. మా ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. రెండూ విని "తంబురాలో పలికే గాంధారం మీ బ్యూగుల్‌దే, మెట్టు మీది కాదు" అని తేల్చేసింది.

మెట్లున్నంత మాత్రాన మన సంగీతం రాదనుకోకండి. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) మెట్ల వాద్యం మీదే గమకాలన్నీ పలికించారు. ఆయన దారి వేరు, మనది పొద్దుపోయాక పట్టిన అభ్యాసం.

మా ఇంట్లో అభ్యాసం ఇలా ఉంటుంది. రోజూ పది నిమిషాలు, అంతకన్నా వద్దు. నేను అటు తిరిగి కూర్చుంటాను. ఆవిడ రెండు స్వరాలు మీటుతుంది. నేను ముందు నోటితో అని, తర్వాత అంకె చెప్పాలి. నోటితో అనకుండా అంకె చెప్తే ఒప్పుకోదు. నేను "7" అంటాను. "పంచమం అనండి, అంకెలేమిటి, రేషనా?" అంటుంది. ఎక్కువ తికమక పెట్టేవి 5, 7. పైకి 7 వెళ్ళినా, కిందికి 5 దిగినా చేరేది ఆ స్వరమే, స్థాయి తేడా అంతే. తీగలు శ్రుతి చేసుకోవడమూ అభ్యాసమే. పక్కపక్క తీగల మధ్య దూరం 5 మెట్లు, మూడో తీగకీ రెండో తీగకీ మధ్య మాత్రం 4. ట్యూనర్ మిషన్ చూసి కాకుండా చెవితో చేయండి, సరిపోయిందో లేదో మిషన్ పెట్టి తర్వాత చూసుకోవచ్చు.

ఒక్క కాల్‌ని మాత్రం నేను అభ్యాసానికి వాడను, లాస్ట్ పోస్ట్. అదీ ఆ అయిదు స్వరాలే. ఇన్నేళ్ళూ దాన్ని సావధాన్‌లో నిలబడి, పోయినవాడి మొహం కళ్ళముందు పెట్టుకుని విన్నాం, స్వరాలెవరు విన్నారు? మన సంఘంలో ఏటా పోయినవారి పేర్లు చదివేటప్పుడు రికార్డింగ్ పెడుతున్నాం. బ్యూగులర్ దొరకడంలేదు. వచ్చే ఏడు ఒక్క తీగ మీద, వేలు ఆనించి, నేను వాయిస్తానని కమిటీని అడిగాను. ఆరో స్వరం కాబట్టి పై పంచమం బలహీనంగా పలుకుతోంది, 3వ మెట్టు దాటి కొంచెం ముందుకు వెతుక్కోవాలి. ఇంకా కుదరలేదు. కుదిరితేనే వాయిస్తాను.

సరే, గిటార్ తెచ్చాను. అందరూ కళ్ళు మూసుకోండి. రెండు స్వరాలు మీటుతాను. 7 అనిపిస్తే కుడి చెయ్యి ఎత్తండి, 5 అనిపిస్తే ఎడమ చెయ్యి. కర్నల్‌గారూ, మీరూ ఎత్తాలి.